ఆఫీసు భవనంలో గరిష్ఠ విద్యుత్ డిమాండ్ తగ్గించడం ఎలా? నెల్లూరు ఎండల్లో పనికొచ్చిన సమగ్ర మార్గదర్శి

మే నెలలో ఒక మంగళవారం. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో నేను నిర్వహణ చూసే ఐదంతస్తుల ఆఫీసు భవనంలో ఉదయం 11:05కు కరెంటు పోయి 11:30కి వచ్చింది. ఆ ఇరవై అయిదు నిమిషాలూ లైట్లు, కంప్యూటర్లు, లిఫ్టులు జనరేటర్ మీద నడిచాయి. ఏసీలు ఆగిపోయాయి. నెల చివర బిల్లులో గరిష్ఠ డిమాండ్, అంటే ఆ నెలలో ఏదో ఒక అరగంటలో లాగిన అత్యధిక సగటు లోడు, 190 కేవీఏ (కిలోవోల్ట్ ఆంపియర్లు) అని వచ్చింది. మీటరు రికార్డు తీయించి చూస్తే ఆ నెలలో మరే రోజూ 176 దాటలేదు. ఆ 190 నమోదైంది కరెంటు తిరిగి వచ్చిన అరగంటలోనే, 11:30 నుంచి 12:00 వరకు.

ఆ ఒక్క అరగంటకు నెలంతా డబ్బు కట్టాం. అప్పటిదాకా నేను కూడా తక్కువ యూనిట్లు వాడితే బిల్లు తగ్గుతుందన్న ఒక్క మాటే పట్టుకుని ఉన్నాను. గరిష్ఠ డిమాండ్ వేరే లెక్క. ఎంత వాడామన్నది కాదు, ఎన్ని ఒకేసారి వాడామన్నది ఇక్కడ తేల్చే విషయం. కాబట్టి కొత్త యంత్రాలు కొనే ముందు, ఉన్నవి ఏ సమయంలో ఒకదాని మీద ఒకటి పడుతున్నాయో కనిపెట్టాలి. మా భవనంలో 72 స్ప్లిట్ ఏసీలు ఉన్నాయి. మొదటి వేసవి చివరికి ఒక్క ఏసీ కూడా మార్చకుండానే 190ని 148కి దించాం. అది ఏ వరుసలో జరిగిందో ఇక్కడ రాస్తున్నాను.

మొదటి అడుగు: బిల్లులో మూడు అంకెలు చదవండి

నెల్లూరు వారికి బిల్లు తిరుపతి కేంద్రంగా పనిచేసే దక్షిణ డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) నుంచి వస్తుంది, ఒంగోలు వారికి విజయవాడ కేంద్రంగా పనిచేసే మధ్య డిస్కం నుంచి. ఎవరిదైనా హెచ్‌టీ (అధిక వోల్టేజీ) కనెక్షన్ బిల్లులో చూడాల్సినవి మూడు: కాంట్రాక్ట్ డిమాండ్, నమోదైన గరిష్ఠ డిమాండ్, బిల్లింగ్ డిమాండ్.

కాంట్రాక్ట్ డిమాండ్ అంటే మీరు డిస్కంతో రాసుకున్న పరిమితి. నమోదైన డిమాండ్ అంటే మీటరు ఆ నెలలో చూసిన అత్యధిక సగటు. ఆ సగటును 15 నిమిషాలకు గాని 30 నిమిషాలకు గాని కడతారు. మా మీటరు 30 నిమిషాలది, మీదేదో అడిగి తెలుసుకోండి. బిల్లింగ్ డిమాండ్ దగ్గరే చాలామంది పొరబడతారు. నమోదైన డిమాండ్, కాంట్రాక్ట్ డిమాండ్‌లో 80 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు కట్టాలి.

మా కాంట్రాక్ట్ 200 కేవీఏ. అందులో 80 శాతం 160. కేవీఏకు నెలకు ₹475 చొప్పున వేసుకుంటే 190కి ₹90,250. 160కి దిగితే ₹76,000. అక్కడి నుంచి 148కి దించినా కట్టేది ₹76,000 మాత్రమే, ఎందుకంటే 160 అనే గడప అడ్డం ఉంది. ఆ గడపను దించడం వేరే పని, చివరి అడుగులో చెబుతాను. మీ బిల్లులో ఉన్న రేటుతో ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకోండి. ఎంతవరకు దించితే ఎంత మిగులుతుందో తెలియకుండా పని మొదలుపెట్టకండి.

ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) కనెక్షన్ ఉన్న చిన్న ఆఫీసుల్లో స్థిర ఛార్జీ మంజూరైన లోడును బట్టి ఉంటుంది. నమోదైన డిమాండ్ దానిని మించితే అదనపు లోడు కట్టమని నోటీసు వస్తుంది. కింద చెప్పే పనులు వారికీ పనికొస్తాయి.

రెండో అడుగు: ఆ అరగంటను పట్టుకోండి

హెచ్‌టీ మీటరు లోపల ప్రతి అరగంటకో పావుగంటకో లోడు నమోదై ఉంటుంది. ఆ వివరం కావాలని డిస్కం కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. అది చేతికి వచ్చేలోగా మీ మెయిన్ ప్యానెల్ మీద ఉన్న మల్టీఫంక్షన్ మీటరు చాలు. ఏప్రిల్‌లో రెండు వారాల పాటు ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు ప్రతి పావుగంటకూ కేవీఏ, కిలోవాట్, పవర్ ఫ్యాక్టర్ (కిలోవాట్లను కేవీఏతో భాగిస్తే వచ్చేది) అనే మూడు అంకెలు ఒక నోటు పుస్తకంలో రాయించండి. పక్కన ఇంకో గడి ఉంచి, ఆ సమయంలో భవనంలో ఏం జరుగుతోందో కూడా రాయాలి: మోటారు వేశారు, మీటింగు హాలు తెరిచారు, కరెంటు పోయి వచ్చింది. ఈ నాలుగో గడి లేకపోతే మొదటి మూడు గడులు వట్టి అంకెలుగానే మిగిలిపోతాయి.

మా పుస్తకంలో మూడు శిఖరాలు కనిపించాయి. ఉదయం 10:30 ప్రాంతంలో ఒకటి, మధ్యాహ్నం 2:30 నుంచి 4 వరకు ఒకటి, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఒకటి. పది గంటలకు ఉద్యోగులు వచ్చి ఏసీలు వేయడం వల్లే మొదటిది అనుకున్నాను. నాలుగో గడి చూశాక తెలిసింది, సరిగ్గా అదే సమయానికి మా వాచ్‌మన్ రెండు ఏడున్నర హార్స్‌పవర్ మోటార్లు వేసి పైట్యాంకు నింపుతున్నాడు. అంటే దాదాపు 11 కిలోవాట్లు. అడిగితే, "అందరూ వచ్చాక నీళ్లు అయిపోతే నన్నే అంటారు కదా సార్" అన్నాడు. అతని భయం న్యాయమైనదే. మరుసటి రోజు నుంచి ఆరు గంటలకే నింపి, మళ్లీ సాయంత్రం ఆరు తరువాత వేసేలా టైమర్ పెట్టించాం. ట్యాంకు మధ్యాహ్నానికి సగానికి దిగితే గంట మోగే ఫ్లోట్ ఒకటి బిగించాం. దాంతో అతనికి ఆ భయం పోయింది. ఖర్చు చాలా తక్కువ.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు లాగే కరెంటు ఆరు రెట్లు ఉంటుంది కాబట్టి డిమాండ్ అక్కడే పెరుగుతోందని కొందరు సాఫ్ట్ స్టార్టర్లు అమ్మచూపుతారు. ఆ ఉరవడి కొన్ని సెకన్లదే. అరగంట సగటులో అది కనిపించదు. సాఫ్ట్ స్టార్టర్ మోటారుకు మేలు చేయవచ్చు, గరిష్ఠ డిమాండ్‌ను మాత్రం తగ్గించదు.

మూడో అడుగు: పవర్ ఫ్యాక్టర్

డిమాండ్‌ను కిలోవాట్లలో కాక కేవీఏలో కొలుస్తారు కాబట్టి, పవర్ ఫ్యాక్టర్ తగ్గితే అదే పనికి ఎక్కువ కేవీఏ నమోదవుతుంది. మా 190 కేవీఏ వెనుక నిజంగా పనిచేసిన లోడు 167 కిలోవాట్లు, పవర్ ఫ్యాక్టర్ 0.88. దానిని 0.98కి తెస్తే అదే 167 కిలోవాట్లకు 170 కేవీఏ చాలు. ఎవరి సౌకర్యానికీ భంగం లేకుండా 20 కేవీఏ తగ్గుతుంది. దీనికి పవర్ ఫ్యాక్టర్‌ను పెంచే కెపాసిటర్లు దాదాపు 56 కేవార్ (పనికి రాకుండా అటూ ఇటూ తిరిగే విద్యుత్‌కు కొలత) కావాలి.

పాత ప్యానెల్‌లో కెపాసిటర్లు ఉన్నాయి కదా అని ఊరుకోకండి. మా దాంట్లో ఎనిమిదింటిలో అయిదు ఉబ్బిపోయి, లాగాల్సిన కరెంటులో సగం కూడా లాగడం లేదు. క్లాంప్ మీటరుతో ఒక్కొక్క దానినీ కొలిపించండి. స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్‌లో ఛార్జి నిలిచి ఉంటుంది, కాబట్టి ఈ పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించాలి. ఎల్‌ఈడీ డ్రైవర్లు, యూపీఎస్‌లు, ఇన్వర్టర్ ఏసీలు ఎక్కువ ఉన్న ఆఫీసులో హార్మోనిక్స్ (కరెంటు తరంగం వంకర పోవడం) వల్ల మామూలు కెపాసిటర్లు త్వరగా పాడవుతాయి. వాటిని కాపాడే రియాక్టర్ అనే కాయిల్ జత చేసినవి అడగండి. లోడును బట్టి తానే కలిపి తీసే ఆటోమేటిక్ ప్యానెల్ తప్పనిసరి. రాత్రి లోడు లేని వేళ కెపాసిటర్లు అలాగే కలిసి ఉంటే పవర్ ఫ్యాక్టర్ ఎదురు దిశకు (లీడింగ్ వైపుకు) పోతుంది. యూనిట్లను కేవీఏహెచ్ లెక్కన, అంటే కిలోవాట్లకు బదులు కేవీఏ గంటల్లో, లెక్కించే చోట దానివల్లా నష్టం రావచ్చు.

నాలుగో అడుగు: కరెంటు తిరిగి వచ్చిన తరువాతి అరగంట

మంగళవారం నాటి శిఖరం సంగతి ఇది. వేసవిలో కాసేపు కరెంటు పోవడం మనకు కొత్త కాదు, కాబట్టి ఈ అడుగు మీద ఎక్కువ సమయం పెట్టాను.

కరెంటు పోయిన ఇరవై నిమిషాల్లో గదులు 29, 30 డిగ్రీలకు చేరతాయి. కరెంటు రాగానే 72 ఏసీలు ఒక్కసారే మొదలై, గది చల్లబడేదాకా ఆగకుండా పూర్తి బలంతో నడుస్తాయి. మామూలుగా అయితే ఒకటి ఆగినప్పుడు ఇంకొకటి నడుస్తూ ఎడం దొరుకుతుంది. ఇప్పుడు ఆ ఎడం ఉండదు. అదే సమయంలో, జనరేటర్ మీద లేని యూపీఎస్‌ల బ్యాటరీలు ఖాళీ అయి ఉంటాయి కనుక అవీ ఛార్జి కోసం లాగుతాయి. ఉక్కపోసిన మనుషులు రిమోట్ మీద 18 నొక్కుతారు. 18 నొక్కితే గది 24కి తొందరగా దిగదు. ఏసీ ఎక్కువసేపు పూర్తి బలంతో నడుస్తుంది, అంతే.

మందు చవకైనది. ప్రతి అంతస్తు ఏసీ సరఫరాకు ఒక కాంటాక్టర్ (కరెంటుతో పనిచేసే పెద్ద స్విచ్), దానికి ఆన్-డిలే టైమర్ (కాసేపు ఆగి ఆన్ చేసేది) పెట్టించండి. కరెంటు రాగానే మొదటి అంతస్తు వెంటనే, రెండోది 8 నిమిషాలకు, మూడోది 16కు, నాలుగోది 24కు మొదలయ్యేలా పెట్టుకుంటే ఆ అరగంటలో ఏసీలు నడిచేది మొత్తం మీద 60 శాతమే. నాలుగో అంతస్తు మొదలయ్యేసరికి మొదటి అంతస్తు చల్లబడి నెమ్మదిస్తుంది. అన్నిటికన్నా వేడెక్కే పై అంతస్తును వరుసలో ముందు పెట్టండి, లేకపోతే అక్కడి వారికి అన్యాయం. మా అయిదో అంతస్తు చిన్నది కాబట్టి దానిని మొదటి వంతులోనే కలిపాం. యూపీఎస్ ఛార్జింగ్ కరెంటును తగ్గించే సెట్టింగు చాలా వాటిలో ఉంటుంది. సరఫరాదారును అడిగి పెట్టించండి.

టైమర్లు బిగించిన వారం అందరికీ చెప్పాలి. చెప్పకపోతే ఏసీ చెడిపోయిందని ఫోన్లు వస్తాయి, ఎవరో ఒకరు టైమర్‌ను పక్కకు తప్పించి నేరుగా కలిపేస్తారు. "మీ అంతస్తు వంతు పదహారు నిమిషాలకు వస్తుంది, అప్పటిదాకా ఫ్యాన్లు ఉంటాయి" అని ప్రతి లిఫ్టు పక్కన కాగితం అంటించాం. వంతు ఎప్పుడొస్తుందో తెలిస్తే మనిషి ఓర్చుకుంటాడు.

అయిదో అడుగు: మధ్యాహ్నపు ఏసీ

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో మనకు పగలంతా పడమటి వేడిగాలి, ఆ తరువాత సముద్రం వైపు నుంచి తేమ. ఏసీ వేడినీ తీయాలి, తేమనూ తీయాలి. అందుకే రోడ్డు వైపు గాజు తలుపు తెరిచి ఉంచితే మనం అనుకున్న దానికన్నా ఎక్కువ నష్టం. తలుపు తానే మూసుకునే స్ప్రింగు, కిటికీ సందులకు రబ్బరు పట్టీ. ముందు ఈ రెండూ చేయించండి.

తరువాత వేళ మార్చండి. పది గంటలకు అందరూ వచ్చి ఒకేసారి వేయకుండా, ఎనిమిదిన్నర నుంచి అంతస్తుల వారీగా మొదలుపెట్టి 23 డిగ్రీలకు చల్లబరచాం. అప్పటికి ఎండ ముదరదు, ఏసీకి శ్రమ తక్కువ, గోడలూ స్లాబూ కొంత చల్లదనం పట్టి ఉంచుతాయి. పదకొండున్నర దాటాక 25కి, రెండు తరువాత 26కి పెంచి ఫ్యాన్లు వేయించాం. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం విద్యుత్ ఆదా అని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ చెబుతుంది. స్టార్ గుర్తున్న గది ఏసీలు 2020 నుంచి 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా నిబంధన వచ్చింది కూడా. ఫ్యాన్ గాలి తగులుతుంటే 26లోనూ ఒళ్లు హాయిగా ఉంటుంది. పాత ఫ్యాన్ 75 వాట్లు లాగితే బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారు ఉన్నది) 30 ప్రాంతంలో లాగుతుంది.

ఇన్వర్టర్ కాని పాత ఏసీలు ఉంటే వంతులేయడం మరో ఉపాయం. మా 72లో 40 అలాంటివి. వాటిని మూడు జట్లుగా విడదీసి, రెండున్నర నుంచి నాలుగు వరకు ప్రతి అరగంటలో ఒక్కో జట్టును పది నిమిషాలు ఆపాం. ఒక హాలులోని ఏసీలన్నీ ఒకే జట్టులో పడకూడదు. ఏ క్షణంలోనైనా దాదాపు 13 ఏసీలు ఆగి ఉంటాయి, అంటే 20 కిలోవాట్లకు పైగా. కానీ నిజం చెప్పాలి: థర్మోస్టాట్ వల్ల అవి ముందే ఆగుతూ నడుస్తూ ఉన్న రోజుల్లో ఈ వంతుల వల్ల లాభం ఏమంత ఉండదు. ఆపకుండా నడిచే మండుటెండ రోజుల్లోనే దీని విలువ. ఆ రోజుల్లో గది ఒక డిగ్రీ వేడెక్కుతుందని ఒప్పుకునే చేయాలి. ఇన్వర్టర్ ఏసీలకు ఈ పద్ధతి వద్దు. ఆపి మళ్లీ వేస్తే అవి పోయింది పూడ్చుకోవడానికి పూర్తి వేగంతో లాగుతాయి.

ఔట్‌డోర్ యూనిట్లను ఒకసారి మేడ ఎక్కి, నడుం వంచి చూడండి. తీరం దగ్గర ఉప్పుగాలికి రేకులు తుప్పు పడతాయి, దుమ్ము పేరుకుంటుంది. మార్చిలో ఒకసారి, మే మొదట్లో ఒకసారి నీటితో కడిగించాలి. ఇరుకు సందులో ఎదురెదురుగా బిగించిన యూనిట్లు ఒకదాని వేడిని ఇంకొకటి పీలుస్తాయి. మా వెనుక సందులో ఆరు యూనిట్లను మేడ మీదకు మార్చాక ఆ గదుల్లో తేడా చేతికి తెలిసింది.

పడమటి గాజుకు లోపల పరదా కట్టడం కన్నా బయట నీడ కట్టడం మేలు. గాజు దాటి లోపలికి వచ్చిన వేడి పరదా దగ్గర ఆగినా గదిలోనే ఉంటుంది. నర్సరీలకు వాడే ఆకుపచ్చ షేడ్ నెట్‌ను ఇనుప చట్రానికి బిగించి వేసవి మూడు నెలలు నిలబెట్టాం. మేడ మీద సున్నం గాని ఎండను తిప్పికొట్టే తెల్ల పూత గాని వేయిస్తే పై అంతస్తు ఏసీలకు ఊరట. మన పెద్దలు వాడిన వట్టివేళ్ల తడకలు ఏసీ లేని వరండాకు అమృతం. ఏసీ హాలు కిటికీకి మాత్రం కట్టకండి, ఆ తేమను మళ్లీ ఏసీయే తీయాలి.

మీటింగు హాలు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. నలభై మంది కూర్చుంటే మనుషుల ఒంటి వేడే నాలుగు కిలోవాట్లకు పైన. పెద్ద సమావేశాలను మే, జూన్ నెలల్లో పదకొండు లోపు పెట్టుకోమని యాజమాన్యాన్ని ఒప్పించండి.

ఆరో అడుగు: చిల్లర లోడ్లు

భోజనాల వేళ ఎలక్ట్రిక్ కెటిళ్లు, ఇండక్షన్ పొయ్యిలు ఒక్కొక్కటి ఒకటిన్నర, రెండు కిలోవాట్లు. అంతస్తుకు ఒక్కటి చాలు. ఎలక్ట్రిక్ స్కూటర్ల ఛార్జింగ్ పాయింట్లు మరీ ముఖ్యం: అందరూ పది గంటలకు బండి ఆపి ప్లగ్గు పెడతారు. వాటికి వేరే సర్క్యూట్ వేసి నాలుగున్నర తరువాత మాత్రమే కరెంటు ఇచ్చే టైమర్ పెట్టండి. సాయంత్రం వేళల్లో యూనిట్‌కు అదనపు ధర ఉందేమో బిల్లులో చూసి ఆ వేళ సరిచేసుకోండి. చోక్ ఉన్న పాత ట్యూబులైట్ 50 వాట్లకు దగ్గరగా లాగుతుంది, ఎల్‌ఈడీ 20. సర్వర్ గదిని 18లో గడ్డకట్టించాల్సిన పనిలేదు, 25 చాలు.

సౌరఫలకాలు, జనరేటర్

మేడ మీద 40 కిలోవాట్ల సౌరఫలకాలకు దాదాపు నాలుగు వేల చదరపు అడుగులు కావాలి. మీ శిఖరం పన్నెండుకు వస్తుంటే అవి బాగా పనికొస్తాయి. సాయంత్రం నాలుగున్నరకు వస్తుంటే అప్పటికి ఉత్పత్తి పడిపోతుంది. నెలలో ఒక్క అరగంట మబ్బు కమ్మినా డిమాండ్ ఆదా పోవచ్చు. అందుకే ఫలకాలను యూనిట్ల ఆదా కోసం పెట్టుకోండి, డిమాండ్ ఆదాను అదనపు లాభంగా మాత్రమే లెక్కించండి. రెండు విషయాలు అమ్మేవారు చెప్పరు. ఫలకాలు కిలోవాట్లను తగ్గిస్తాయి గాని కేవార్లను తగ్గించవు, కాబట్టి మీటరు దగ్గర పవర్ ఫ్యాక్టర్ పడిపోతుంది, కెపాసిటర్ ప్యానెల్‌ను మళ్లీ సరిచేయించాలి. కరెంటు తిరిగి వచ్చినప్పుడు సౌర ఇన్వర్టర్ కొన్ని నిమిషాలు ఆగి గాని కలవదు. అంటే నాలుగో అడుగులో చెప్పిన శిఖరం మొదట్లో అది అక్కరకు రాదు.

శిఖర వేళ జనరేటర్ నడిపి డిమాండ్ తగ్గించమని కొందరు సలహా ఇస్తారు. 20 కిలోవాట్లను రోజుకు రెండు గంటలు, నెలకు 22 రోజులు జనరేటర్ మీద నడిపితే 880 యూనిట్లు. లీటరుకు మూడున్నర యూనిట్లు వచ్చినా 250 లీటర్లు కావాలి. లీటరు వంద రూపాయలనుకుంటే ₹25,000 ఖర్చు, డిమాండ్ ఛార్జీలో తగ్గేది ₹9,500. పైగా పొగ పక్కవారి మీదకు వెళుతుంది. ఈ పని చేయకండి.

చివరి అడుగు: కాంట్రాక్ట్ డిమాండ్‌ను దించడం

మన జిల్లాలోనే, కృష్ణపట్నం దగ్గర నేలటూరులో శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడు ఉన్నాయి. అంత పెద్ద యంత్రాలనూ, వాటి నుంచి మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ దాకా ఉన్న తీగలనూ ఏడాదిలో కొద్ది గంటల శిఖరానికి సరిపోయేలా కట్టాలి. మీరు 200 కేవీఏ రాసుకుంటే, వాడినా వాడకపోయినా ఆ 200కు చోటు ఉంచాలి. 80 శాతం గడప అందుకే. మీకు అక్కర్లేని చోటును వదిలితే అది మరొకరి కనెక్షన్‌కు పనికొస్తుంది.

అయితే తొందరపడకండి. మొదటి నెల 148 వచ్చిందని 150కి దించుకుంటే, మరుసటి మేలో 155 వచ్చిన నాడు పరిమితి దాటినందుకు జరిమానా రేటు పడుతుంది. ఒక నిండు వేసవి, మార్చి నుంచి జూన్ చివరి దాకా, అంకెలు రాసుకోండి. అందులో అత్యధికానికి పది, పదిహేను శాతం కలుపుకోండి. వచ్చే ఏడాది కొత్త అంతస్తు గాని కొత్త ఏసీలు గాని రానున్నాయేమో యజమానిని అడగండి. మేము 148 చూసి 170కి దరఖాస్తు పెట్టాం. ఇప్పుడు గడప 136. మేలో 148కే కడతాం, ₹70,300. అసలు లాభం చలికాలంలో: డిసెంబరులో మా డిమాండ్ 110 దాటదు, అయినా ఇంతకుముందు 160కి కట్టేవాళ్లం, ఇప్పుడు 136కి. నెలకు ₹11,400 తేడా.

దరఖాస్తుకు ముందు మీ ఒప్పందంలో కనీస కాలపరిమితి ఏదైనా ఉందేమో చదవండి. దించిన తరువాత మళ్లీ పెంచుకోవాలంటే డబ్బు కట్టాలి. దరఖాస్తుతో పాటు పన్నెండు నెలల బిల్లుల నకళ్లు జతచేయండి. మెయిన్ ప్యానెల్ మీటరులో కొత్త పరిమితికి 90 శాతం దగ్గర అలారం పెట్టించండి. మాది 153 దగ్గర మోగుతుంది. మోగినప్పుడు ముందు ఏది ఆపాలో ఆ ప్యానెల్ తలుపు మీదే వరుసగా రాసి ఉంచాం: స్కూటర్ల ఛార్జింగ్, ఖాళీ మీటింగు హాళ్లు, రెండో లిఫ్టు, ఆపై పాత ఏసీల ఒక జట్టు. రాత్రి డ్యూటీ వారితో సహా ప్రతి ఒక్కరి చేత ఒకసారి ఆ వరుస ప్రకారం ఆపించి చూపించండి.